విడవని ఉపవాసం

ఫిబ్రవరి 22, శనివారం

భారతి అక్క రీల్ పెట్టేసింది. నరసన్నపేటలో ఆవిడ చీరల కొట్టు ఇన్నాళ్ళూ పక్క వీధి వాళ్ళకి కూడా సరిగ్గా తెలీదు. ఇవాళ రాజమండ్రి నుంచి కూడా రేటు అడుగుతున్నారు. ఆ పట్టుచీర కట్టుకున్నది నేను. షీబా, జ్ఞానానందం మాస్టారి కూతురు, చర్చిలో రెండో వరసలో నిలబడి పాడే పిల్ల. నాకే నమ్మకం కుదరడం లేదు.

మామ్మకి చూపించాను. ఆవిడకి రెండు కళ్ళలోనూ శుక్లాలు. ఫోన్ ముక్కుకి ఆనించుకుని చూసింది.

"బాగున్నాది. ఎవులే ఈ గుంట?"

"నేనే మామ్మా."

"నువ్వయితే గెడ్డం కింద మచ్చేదే?"

ఫిల్టర్ అంటే ఏమిటో చెప్పాను. మచ్చ ఉంటేనే కదా మనిషిని పోల్చుకునేది అంది. ఆవిడతో వాదన పెట్టుకుంటే తెల్లారిపోతుంది.

కామెంట్లు అన్నీ చదివాను. పువ్వులు, మంటలు, చప్పట్లు. ఒకడు మాత్రం "చీర సూపర్. అక్కకి గాలి కొంచెం తీయించండి" అని రాశాడు. దాని కింద నవ్వు బొమ్మలు బారులు తీరాయి. నేను కూడా నవ్వాను. వెధవకి హాస్యం ఉంది.

అన్నీ బాగున్నాయి. ఆ ఒక్కటి తప్ప అన్నీ బాగున్నాయి.

ఫిబ్రవరి 24

మళ్ళీ చదివాను. ఊరికే.

ఫిబ్రవరి 28

కొట్టుకి పిలిచింది భారతి అక్క. పెళ్ళిళ్ళ సీజన్‌కి లెహంగాలు తెప్పించిందట. ఈస్టర్ వెళ్ళాక షూట్. షాంపిల్ ముక్క ఒక్కటే వచ్చింది, అందులో పట్టేవాళ్ళే వేసుకోవాలి. వేసి చూశాను. జిప్పు సగంలో ఆగిపోయింది. అక్క వెనక నుంచి లాగింది. నేను ఊపిరి బిగబట్టాను. ఇద్దరం కలిసినా అది మా మాట వినలేదు.

"నీ ఫేసుకేటీ లోటు లేదే. కిందకే కొంచెం సూసుకో. నెల్రోజులు పైనే ఉన్నాది కదా" అంది అక్క. మంచిగానే అంది. కెమెరా తీసే నరేష్ కూడా మంచిగానే, "కెమెరా ఉన్నదానికన్నా ఎక్కువ సూపిస్తాది షీబా, నీ తప్పు కాదు" అన్నాడు.

అందరూ మంచిగానే అన్నారు. ఇంటికి వచ్చేటప్పుడు ఆటోలో ఇద్దరి మధ్య కూర్చున్నాను. నా వల్ల వాళ్ళకి ఇరుకైపోతోందేమో అనిపించింది. ఇన్నేళ్ళలో ఎప్పుడూ అలా అనిపించలేదు.

మార్చి 5, బుధవారం

ఈస్టర్ ముందు నలభై రోజుల శ్రమదినాలు మొదలయ్యాయి. ఈసారి నేను ఈస్టర్ దాకా ఉపవాసం ఉంటానని ఇంట్లో చెప్పేశాను. పగలు నీళ్ళు, రాత్రి కొంచెం. డిగ్రీ ఆఖరి సంవత్సరం కదా, పరీక్షల కోసం ప్రార్థన.

అమ్మ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నాన్న పాతపట్నం స్కూలు నుంచి వచ్చి విని, నా తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశాడు. మామ్మ మాత్రం, "ఇంతకముందు శుక్రారం ఒక్కపూట ఉండమంటే కడుపునొప్పి అనేదానివి కదే" అంది.

పరీక్షల కోసమే. నిజంగానే మోకాళ్ళ మీద కూర్చుని ప్రార్థన చేశాను. చేశాను కదా.

మార్చి 9, ఆదివారం

ఆరాధన అయ్యాక పాస్టరమ్మగారు నన్ను దగ్గరకి తీసుకుని అందరి ముందూ చెప్పారు, "ఈ కాలం పిల్లల్లో ఇలాటి భక్తి సూసినారా?" అని. గురమ్మత్త వాళ్ళ కోడలితో, "సూడు, సూసి నేర్చుకో" అంది. ఆ కోడలు పాపం చంటిపిల్ల తల్లి.

నాకు సిగ్గేసింది. బాగా కూడా అనిపించింది. చర్చిలో ఇంతవరకూ నా గొంతుని ఎవరూ మెచ్చుకోలేదు. నా ఆకలిని మెచ్చుకుంటున్నారు.

మార్చి 14

ఆకలి లేదు.

మార్చి 15

ఆకలి లేదు. కాలేజీలో యమున తన కేరేజీ విప్పితే వంకాయ కూర వాసనకి లేచి బయటకి వెళ్ళిపోయాను. "దేవుడి కోసమైతే మొహం ఇంత సిరాగ్గా పెడతావేటే?" అంది యమున. దానికేం తెలుసు. వాళ్ళింట్లో శనివారాలు ఉపవాసం అంటే ఇడ్లీలు తింటారు.

ఇంటికొచ్చి వంటల వీడియోలు చూశాను. చికెన్ పలావు, బొబ్బట్లు, రొయ్యల వేపుడు. ఒకటయ్యాక ఒకటి చూస్తూనే ఉన్నాను. మధ్యలో సన్నగా ఉన్న అమ్మాయిలు వస్తారు, రోజంతా ఏం తిన్నారో చూపిస్తారు. మళ్ళీ పలావు. మళ్ళీ అమ్మాయి. నాకేం కావాలో ఫోన్‌కి బాగా తెలిసిపోయింది.

మార్చి 21, శుక్రవారం

మా ఇంట్లో ప్రార్థన కూటం. వచ్చినవాళ్ళందరికీ ఉప్మా, జీడిపప్పు వేసి. నేనే వడ్డించాను. మామ్మ మూలన పీట మీద కూర్చుని, "అందరికీ ఏస్తన్నావు, నీదేదే?" అంది గట్టిగా. నేను జవాబు చెప్పే లోపల పాస్టరమ్మగారే, "ఆ పిల్ల ఉపవాసం లీలారాణమ్మా, మరిసిపోయినావేటి?" అన్నారు. పాత రోజుల్లో చర్చి ప్రేమవిందులకి వంటంతా మామ్మ చేతి మీదే జరిగేది. ఎవరు ఎంత తిన్నారో గిన్నె చూడకుండా చెప్పేదట. అదంతా శుక్లాలు రాకముందు సంగతి.

మార్చి 27

ఈ నెల రాలేదు. పరీక్షల టెన్షన్ అయ్యుంటుంది.

ఏప్రిల్ 1

ఉగాది దాటింది. ఊరంతా ఉక్కపోసి చస్తున్నారు. నేను ఫ్యాన్ ఆపుకుని దుప్పటి కప్పుకున్నాను. దువ్వెన నిండా జుట్టు. దాన్ని ఉండ చుట్టి కాగితంలో పెట్టి పారేశాను, అమ్మ చూడకుండా. అమ్మ అంగన్‌వాడీ టీచరు. ఊళ్ళో ఏ పిల్ల చిక్కిపోయినా ఇట్టే పట్టేస్తుంది. నేను వదులు చుడీదార్లు వేస్తున్నాను. ఎండలకి మంచివి కదా అంటే అమ్మ కూడా అవునంది.

లెహంగా జిప్పు పైదాకా వచ్చింది. భారతి అక్క చప్పట్లు కొట్టింది. నరేష్ ఫోటో తీశాడు. ఇంటికొచ్చి ఆ ఫోటోని పెద్దది చేసి చూశాను. చేతులు ఇంకా లావుగానే ఉన్నాయి. ఇంకొంచెం. ఈస్టర్ దాకా మాత్రమే.

ఏప్రిల్ 6, ఆదివారం

నెలలో మొదటి ఆదివారం. ప్రభుబల్ల.

రాయకూడదు అనుకున్నాను. కానీ ఇంకెక్కడ చెప్పను?

రొట్టె పళ్ళెం వరసలో చేతులు మారుతూ వచ్చింది. ముక్క ఎంతుంటుంది, చిటికెన వేలి గోరంత. చేతిలోకి తీసుకున్నాను. పాస్టరు అయ్యగారు ప్రార్థన చెప్పి, అందరం కలిసి తీసుకుందామన్నారు. అందరి చేతులూ నోటి దగ్గరకి వెళ్ళాయి. నా చెయ్యి వెళ్ళలేదు. ఆ గోరంత ముక్క చూసి నాకు భయమేసింది. మైదాతో చేస్తారు, పంచదార కూడా ఉంటుందేమో, అనుకున్నాను. ప్రభుబల్ల దగ్గర నిలబడి పంచదార గురించి ఆలోచించాను.

పాటల పుస్తకంలో పెట్టేశాను. నమిలినట్టు నోరు కదిపాను. పక్కన మామ్మ కళ్ళు మూసుకుని ఉంది.

ఏమీ కాలేదు. పిడుగేం పడలేదు.

ఏప్రిల్ 7

రాయబుద్ధి కావడం లేదు.

ఏప్రిల్ 9, బుధవారం

అయ్యగారు ఇంటికి వచ్చారు. గుడ్ ఫ్రైడే నాడు సిలువ మీద ప్రభువు పలికిన ఏడు మాటల్లో ఒక్కొక్కటీ ఒక్కొక్కరు చెబుతారు కదా, అయిదోది నన్ను చెప్పమన్నారు. దాహం మాట. "ఉపవాసం ఉన్న పిల్ల సెప్తే ఆ మాటకి బలం" అన్నారు. నాన్న పొంగిపోయాడు.

ఆయన వెళ్ళబోతుంటే మామ్మ, "ఒక పాట పాడి ఎల్లండి అయ్యగారూ" అని నా పాటల పుస్తకం అందుకుంది. రొట్టె ముక్క అందులోనే ఉంది. మామ్మ పేజీలు తిప్పింది, ఎక్కడో ఆగింది, మూసేసి ఒళ్ళో పెట్టుకుంది. "కళ్ళు కనపడి సావవు, నోటికొచ్చిందే పాడదాం" అంది.

తర్వాత పుస్తకం తీసి చూశాను. రొట్టె ముక్క లేదు. ఎప్పుడో రాలిపోయి ఉంటుంది.

ఏప్రిల్ 10, గురువారం

మామ్మ కూడా ఉపవాసం మొదలెట్టింది. నాతో జత ఉపవాసమట.

వాళ్ళ కాలంలో మిషను చర్చిలో ఆడవాళ్ళు ఇద్దరిద్దరు జతకట్టి ఉపవాసం ఉండేవారట. ఒకరి భారం ఇంకొకరు మోయడానికి. విడిచేటప్పుడు ఇద్దరూ ఒకే కంచం దగ్గర కూర్చుని, ఒకరి నోట్లో ఒకరు మొదటి ముద్ద పెట్టాలి. ఒకరు విడవకుండా రెండోవారు విడవడానికి లేదు.

"నీకు సుగరు మామ్మా, నువ్వుండకూడదు."

"నీకు లేదు కదా, నువ్వుండు. నువ్వు ఇడిసినప్పుడే నేనూ ఇడుస్తాను."

"నేను రాత్రి విడుస్తున్నాను కదా."

"ఆ పెరుగన్నం కుక్కకెల్తన్నాది. అది నాకు సెప్పకు."

మొహం చూశాను. కోపం లేదు. పక్క సర్దుకుని పడుకుంది.

ఏప్రిల్ 11, శుక్రవారం

అమ్మ ముందు ఇద్దరం పళ్ళేలు పట్టుకుని కూర్చుంటాం. అమ్మ లోపలికి వెళ్ళగానే మామ్మ చెయ్యి ఆపేస్తుంది. నా వైపు తిరిగి కూర్చుంటుంది. ఎదురు చూస్తుంది. నేను లేస్తే ఆవిడా లేస్తుంది.

మొండి ముసల్ది. నాకు కోపం వస్తోంది. చిన్నప్పుడు నాకు జ్వరమొస్తే తను కూడా పథ్యం తినేది, ఆ మిరియాల చారు అన్నం. ఇద్దరం ఒకే కంచంలో. ఆ సంగతి ఇప్పుడెందుకు గుర్తొచ్చిందో.

అమ్మకి చెప్పేద్దామనుకున్నాను. చెబితే, మరి నువ్వో అంటుంది. చెప్పలేదు.

ఏప్రిల్ 12, శనివారం

ఇది రాయడం కష్టం. అయినా రాస్తాను.

మధ్యాహ్నం అమ్మ సెంటర్‌లో ఉంది, నాన్న బజారుకెళ్ళాడు. నేను ఫోన్ చూస్తున్నాను. వరండాలోంచి మామ్మ ఏదో అంటోంది, మాట ముద్దగా వస్తోంది. వెళ్ళి చూస్తే చాప మీద గోడకి చేరబడి ఉంది. మొహమంతా చెమట, జాకెట్ తడిసిపోయింది. చేతులు గజగజ వణుకుతున్నాయి. సుగరు మాత్ర వేసుకుంది, తిండి లేదు. ఆ పని ఆవిడ నా కోసమే చేసింది.

పరుగెత్తి గ్లాసులో పంచదార గుమ్మరించి నీళ్ళు కలిపి తెచ్చాను. నోటికి ఆనించాను. మామ్మ పెదాలు బిగించేసింది. తల అడ్డంగా ఊపింది. గ్లాసుని నా వైపు తోసింది. మాట రావడం లేదు గానీ ఏమంటోందో నాకు తెలుసు.

ఏమీ ఆలోచించలేదు. గ్లాసెత్తి ఒక గుక్క తాగేశాను. తియ్యగా గొంతులోంచి దిగింది. "తాగినాను, సూడు, తాగినాను, నోరు తెరు" అని అరిచాను. మామ్మ నోరు తెరిచింది. కొంచెం కొంచెంగా పోశాను. ఆవిడకో గుక్క, నాకో గుక్క. మళ్ళీ బిగించేస్తుందేమోనని నేను తాగుతూనే ఉన్నాను. ఏడుస్తూనే ఉన్నాను.

కాసేపటికి వణుకు తగ్గింది. చూపు నిలబడింది. వంటింట్లో పొద్దుటి చోడి అంబలి ఉంటే తెచ్చాను. మామ్మ వేలు ముంచి నా నోట్లో పెట్టింది. నేను ఆవిడ నోట్లో పెట్టాను. అలా విడిచాం.

"మామ్మా, నేను ప్రార్థన చెయ్యడం లేదు."

"తెల్సు."

"నాకు తినాలంటే భయం. ఆకలేస్తాది మామ్మా. సానా ఆకలేస్తాది. తిందామంటే భయమేస్తాది."

"ఎవులే నిన్ను అంత భయపెట్టినోళ్ళు?"

లెహంగా గురించి చెప్పాను. ఆ కామెంట్ చెప్పాను, అక్షరం పొల్లుపోకుండా. ఎవడో మొహం తెలియని వెధవ రాసినది, రాసినవాడికి కూడా గుర్తుండి ఉండదు. మామ్మ తిట్టలేదు. నా తల ఒళ్ళో పెట్టుకుంది.

"రొట్టి ముక్క నువ్వే తీసినావు కదా?" అని అడిగాను.

"తీసినాను."

"మరి అరవలేదేటి?"

"అరిస్తే తినెస్తావేటి? దాన్ని నేను తినెసినాను. దేవుడేటీ అనుకోడు. ఉపవాసం అంటే ఇడవడం ఉంటాదే. ఇడవడం లేనిది ఉపవాసం కాదు, మరేటో." చాలాసేపు నా జుట్టులో వేళ్ళు పెట్టి తిప్పింది. ఊడిన వెంట్రుకలు తన చీర కొంగుకి చుట్టుకుంది. "ఇది నా తోటీ నీ తోటీ అయ్యేది కాదు. మీ అమ్మకి సెప్దాం."

ఏప్రిల్ 14

అమ్మ ముందు మామ్మని తిట్టింది. "మాత్రేసుకుని పస్తుంటే పేనం పోతాది, మీకు తెల్దేటత్తా?" అంది. మామ్మ చిన్నపిల్లలా తల వంచుకుని, తప్పే అంది. తర్వాత అమ్మ నా చుడీదార్ చెయ్యి పైకి మడిచి చూసింది. చూసి అలాగే పట్టుకుని కూర్చుండిపోయింది. "ఊరి పిల్లలందరినీ తూస్తాను నేను" అంది. అంతే అంది.

ఏప్రిల్ 16, బుధవారం

శ్రీకాకుళం తీసుకెళ్ళారు. డాక్టరమ్మ రక్తపరీక్షలు రాసింది, గుండె పరీక్ష చేయించింది, చాలాసేపు మాట్లాడింది. ఇది పొగరు కాదు, పాపం కాదు, జబ్బు అంది. దీనికి పేరుంది, వైద్యముంది, టైం పడుతుంది అంది. మాటలతో వైద్యం చేసే ఇంకో మేడం దగ్గరకి వారం వారం వెళ్ళాలి. నాన్న అన్నీ విని, బయటకొచ్చాక బస్టాండులో నిలబడి, "నీ తల మీద సెయ్యెట్టి దేవుడికి థాంక్స్ సెప్పినాను కదమ్మా" అన్నాడు. ఎప్పుడూ చూడనంత ముసలివాడిలా కనిపించాడు. నాన్న చెయ్యి పట్టుకున్నాను.

భారతి అక్కకి రానని చెప్పేశాను. లెహంగాకి వేరే అమ్మాయి దొరికిందట. ఆ అమ్మాయి ఫోటో చూశాను. బాగుంది. బాగుండటం చూసి ఏడుపొచ్చింది. రాత్రి మామ్మ గుడ్డు ఒలిచి ఇచ్చింది. సగం తిన్నాను. మిగతా సగం ఆవిడ తినలేదు, మూత పెట్టింది.

ఏప్రిల్ 18, గుడ్ ఫ్రైడే

అయిదో మాట నేను చెప్పలేదు. అయ్యగారికి ముందే నాన్న వెళ్ళి అంతా చెప్పాడు. ఆయన పొద్దున్న నన్ను చూసి, "మెచ్చుకున్నోళ్ళం మేమే కదమ్మా. నిన్ను ఒక్కసారీ అడగలేదు" అన్నారు. ఆ మాట ఆయనే చెప్పారు, దాహం మాట. నేను మామ్మ పక్కన కూర్చుని విన్నాను.

మూడు గంటలకి ఆరాధన అయ్యాక ప్రతి ఏడూ చర్చి ఆవరణలో పందిరి కింద గంజి పోస్తారు, మామిడికాయ పచ్చడితో. తెల్లచీరలు కట్టుకున్న ఆడవాళ్ళందరూ బారుగా కూర్చున్నారు. నేనూ కూర్చున్నాను. నా ముందు గిన్నె పెట్టారు.

అప్పుడు తెలిసింది. అందరికీ తెలిసిపోయింది. అన్ని కళ్ళూ నా గిన్నె మీదే ఉన్నాయి. జాలిగా, ప్రేమగా, తాగుతుందా తాగదా అని. పాస్టరమ్మగారు చేతులు జోడించి కూడా ఉన్నారు. గిన్నె పెదాల దాకా ఎత్తాను. మళ్ళీ దించేశాను. మళ్ళీ ఎత్తాను. నా వల్ల కాలేదు. రీల్ మళ్ళీ మొదలైనట్టుంది.

"ఏటే, సర్కస్సేటి ఇక్కడ?" అని మామ్మ గొంతు. అంత బక్క మనిషిలోంచి అంత గొంతు ఎలా వచ్చిందో. "ఎవులూ ఇటు సూడకండి. అందరూ అటు తిరగండి. గుంట తాగుతాది."

ముందు పాస్టరమ్మగారు తిరిగారు. గురమ్మత్తకి మోకాళ్ళ నొప్పి, చేతులు నేలకి ఆనించి, ఓలమ్మో ఓలమ్మో అంటూ కూర్చున్న చోటే గింగిరాలు తిరిగింది. ఆవిడ కోడలు చంటిదాన్ని కూడా అటు తిప్పింది. ఒక్కొక్కరే తిరిగారు. నా ముందు వరసంతా తెల్లటి వీపులు, కొప్పులు, పిన్నీసులు. గోడ వైపు చూస్తూ, "ఈ ఏడు మావిడికాయ పులుపు లేదే" అని ఒకరు, "కాయ ముదిరిపోనాది" అని ఒకరు. ఊరికే, చప్పుడు కోసం మాట్లాడుకుంటున్నారు.

ఒక్క కన్ను కూడా నా మీద లేదు. ఎన్ని నెలలైందో అలా ఉండి.

గిన్నె ఎత్తాను. గంజి గోరువెచ్చగా ఉంది. ఉప్పగా ఉంది. తాగాను. ఆగాను. మళ్ళీ తాగాను. భయం పోలేదు, పక్కనే కూర్చుంది. ఆకలి కూడా పక్కనే కూర్చుంది. రెంటినీ పెట్టుకుని తాగాను.

మామ్మ ఒక్కతే నా వైపు తిరిగి ఉంది.

"నువ్వు కూడా తిరుగు మామ్మా."

"నాకు కనపడితే కదే. సుక్లాలు."

సరేనని ఇంకో గుక్క తాగి గిన్నె కింద పెట్టాను. మామ్మ తన గిన్నె ఇంకా ముట్టలేదు.

"నీ గిన్నె అడుగున కొంచెం ఉండిపోనాది" అంది.